చదివే దిక్కులేని రాతలు

అనంతపురం పల్లెల్లో ఏడాది పొడుగునా పారే ఏరు ఎక్కడుంది? పెన్న కూడా చాలా నెలలు ఇసకే. అయినా డిగ్రీ మొదటి ఏడాది ఇంగ్లిష్ పరీక్షలో 'మై విలేజ్' మీద పేరాగ్రాఫ్ రాయమంటే సెక్షన్లో ఉన్న పిల్లలందరి ఊళ్ళ పక్కనా నది పారుతుంది. అదే నది, అదే వాక్యంలో. దాని ఒడ్డున గుడి, గుడి ముందు మర్రిచెట్టు, ఊరి నడుమ పోస్టాఫీసు, కష్టసుఖాల్లో కలిసిమెలిసి బతికే జనం. రాయదుర్గం వైపు నుంచి వచ్చిన పిల్లాడిదీ ఇదే ఊరు, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన పిల్లదీ ఇదే ఊరు. బోర్లు ఎండిపోయి, చెనక్కాయ చేలు బీడుపడి, సగం ఇళ్ళకు తాళాలేసి పెద్దవాళ్ళు బెంగళూరు కూలికి పోయిన అసలు ఊరు ఒక్క పేపర్లోనూ కనపడదు.

ఆ పేపర్లు దిద్దినవాళ్ళలో ఒక్కరూ ఆగి, ఇన్ని ఊళ్ళ పక్కన ఒకే నది ఎట్లా పారుతోందని అడగలేదు. పదికి ఏడో ఎనిమిదో వేసి పక్కన పెట్టారు.

"మీ ఊరికాడ ఏరుందా అమ్మా?" అని క్లాసులో ఒకమ్మాయిని అడిగాను. "ల్యాదు సార్. గైడులో అట్లే ఉండాది" అంది. ఉన్నదే రాయొచ్చు కదా అంటే తల వంచుకుని, "సొంతంగా రాస్తే తప్పులొస్తాయి సార్, మార్కులు కోసేస్తారు" అంది. ఆ పిల్ల లెక్క తప్పు కాదు. నూటికి నూరుపాళ్ళు సరైన లెక్క. పన్నెండేళ్ళు బడికీ కాలేజీకీ తిరిగి ఆ పిల్ల నేర్చుకున్న పాఠం అది: ఇంగ్లిష్‌లో నిజం రాస్తే నష్టం, ఊరివాళ్ళెవరూ చూడని నదిని అప్పజెబితే లాభం. ఈ పాఠం మేమే నేర్పాం. ఈ రాష్ట్రంలో చదువును నడిపే పెద్దలందరూ కలిసి నేర్పారు. అందుకే నాకు కడుపు మండుతోంది.

2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లిష్ మీడియంలోనే నడవాలని నిర్ణయం తీసుకుంది. అంతకు ముందు ఏడాది డిగ్రీలో చేరిన రెండున్నర లక్షల పైచిలుకు పిల్లల్లో అరవై వేలకు పైగా తెలుగు మీడియంలో చేరినవాళ్ళే. వాళ్ళ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఆ దారి ఒక్క వేసవిలో మూసేశారు. రెండు భాషల్లోనూ ఉండే పాఠ్యపుస్తకాలు ఇస్తామన్నారు. మంచిదే. పుస్తకం చదివి అర్థం చేసుకోవడానికి ఎదుటి పేజీలో తెలుగు ఉంటే ఊతం దొరుకుతుంది. మరి పరీక్ష రోజు తెల్లకాగితం మీద ఇంగ్లిష్‌లో నాలుగు పేజీలు నింపాలే, దానికి ఊతమేది? చరిత్ర ఇంగ్లిష్‌లో, ఆర్థికశాస్త్రం ఇంగ్లిష్‌లో, వృక్షశాస్త్రం ఇంగ్లిష్‌లో రాయాల్సిన పిల్లకు ఇంగ్లిష్‌లో ఒక సొంత వాక్యం నిలబెట్టడం ఎవరు, ఎప్పుడు, ఎన్ని గంటలు నేర్పుతారు? మీడియం మార్చే ముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న అది. దాన్ని వేసినవాళ్ళు నాకు ఇంతవరకు తారసపడలేదు.

కోర్సు లేదని కాదు. ఉంది. 2020-21లో మార్చిన సిలబస్‌లో 'ఎ కోర్స్ ఇన్ రీడింగ్ అండ్ రైటింగ్ స్కిల్స్' అని పేరు పెట్టి మరీ ఒక సెమిస్టర్ ఇచ్చారు. చదవడమూ రాయడమూ రెండూ ఆ కొద్ది నెలల్లోనే. అందులో బెర్ట్రండ్ రసెల్ వ్యాసం ఉంది, కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ కథ ఉంది, పడమటి గాలి మీద షెల్లీ రాసిన ఓడ్ ఉంది, సరోజినీ నాయుడి 'కోరమాండల్ ఫిషర్స్' ఉంది. అవి గొప్ప రచనలు, వాటితో నాకు పేచీ లేదు. రాయడానికి సంబంధించినవేమో ఆ పాఠాల వెనక నోటీసులు, అజెండాలు, మినిట్స్, కరికులమ్ వీటే, ఉత్తరాలు అంటూ వరసగా నిలబడ్డాయి. ఇంటర్ దాకా ఇంగ్లిష్ అంటే యానొటేషన్లూ సమ్మరీలూ కంఠతా పట్టడమే అనుకుని వచ్చిన పిల్లకు మేం ఇస్తున్నది షెల్లీ పద్యం సారాంశం. అది కూడా బోర్డు మీద మేం రాస్తే నోట్సులోకి ఎక్కించుకుని, పరీక్షలో తిరిగి కక్కడానికి. సెమిస్టర్ మొత్తంలో ఆ పిల్ల తన తలలోంచి పుట్టిన పేరా ఒక్కటి కూడా రాయకుండా 'రైటింగ్ స్కిల్స్' పాసైపోవచ్చు. పాసైపోతున్నారు కూడా.

రాయడం నేర్పే కోర్సు అంటే ఏమిటో పెద్ద మేధావులు వచ్చి చెప్పక్కర్లేదు. పిల్ల ఏదో రాయాలి. దాన్ని ఒక మనిషి కూర్చుని చదవాలి. ఇక్కడ నువ్వు చెప్పదలచుకున్నది నాకు అందలేదమ్మా, ఇక్కడ బాగా అందింది అని చెప్పాలి. పిల్ల దాన్ని తిరగరాయాలి. మళ్ళీ ఆ మనిషి చదవాలి. ఇంతే. ఇందులో ఏ అడుగు తీసేసినా గట్టున కూర్చుని ఈత పాఠం విన్నట్టే. మన కాలేజీల్లో మొదటి అడుగే లేదు. మిగతా అడుగుల్లో కావలసిన ఆ చదివే మనిషి అసలే లేడు.

ఎందుకు లేడో లెక్క వేసి చూపిస్తాను. ఒక లెక్చరర్‌కు నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు అరవై మంది అనుకోండి. రెండు వందల నలభై మంది. ఒక్కొక్కరు వారానికి ఒక్క పేజీ రాశారనుకుంటే, దాన్ని చదివి రెండు మాటలు రాయడానికి ఎంత తొందరపడినా అయిదు నిమిషాలు. మొత్తం ఇరవై గంటలు. తిరగరాసినవి చదవడానికి మరో ఇరవై. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు క్లాసు చెప్పాలని యూజీసీ 2018 నిబంధనల్లో ఉంది. ఆ క్లాసుల పైన ఈ నలభై గంటలు ఎక్కణ్ణుంచి తేవాలి? ఇక ప్రభుత్వ కాలేజీల్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్ళలో చాలామంది గెస్ట్ లెక్చరర్లు. వాళ్ళకు డబ్బు ముట్టేది క్లాసు చెప్పిన గంటకే. ఇంటికి మోసుకెళ్ళి రాత్రి పదకొండింటి దాకా దిద్దిన కాగితాల గంట ఏ బిల్లులోనూ ఎక్కదు. అయినా దిద్దేవాళ్ళున్నారు, నేను చూశాను. వాళ్ళ ఓపికను వాడుకుంటూ ఆ పనికి పేరు కూడా పెట్టని వ్యవస్థ మీద నా కోపం, వాళ్ళ మీద కాదు.

ఒక ఏడాది నాకున్న సెక్షన్లలో ఒకదాన్ని పట్టుకుని, వారం వారం అర పేజీ సొంతంగా రాయమన్నాను. మార్కుల్లేవు, తప్పులకు శిక్ష లేదు, గైడు ముట్టుకోకూడదు, అంతే. మొదట్లో సగం మంది ఖాళీ కాగితాలు ఇచ్చారు. నది లేదన్న ఆ అమ్మాయి ఇచ్చిన కాగితంలో నాలుగే వాక్యాలున్నాయి. "మై మదర్ ఈజ్ గోయింగ్ టు బెంగళూరు ఫర్ కూలీ. షీ ఈజ్ కమింగ్ ఓన్లీ ఉగాది అండ్ సంక్రాంతి. మై గ్రాండ్‌మదర్ ఈజ్ కుకింగ్ ఫర్ మీ. ఐ టోల్డ్ టు మై మదర్ దట్ ఐ విల్ డూ జాబ్, యూ కమ్."

ఆ ఆఖరి వాక్యాన్ని ఒకసారి చదవండి. నేను ఉద్యోగం చేస్తాను, నువ్వు వచ్చెయ్. పద్దెనిమిదేళ్ళ పిల్ల తల్లికి చెప్పిన మాట. పరీక్షల్లో నేను దిద్దిన కట్టల కొద్దీ పేపర్లలో ఇంత బరువున్న వాక్యం ఒక్కటి కూడా ఎదురు కాలేదు. దీన్ని స్పాట్ వాల్యుయేషన్ బల్ల మీద పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. నాలుగు వాక్యాల్లోనూ ఎర్ర గీతలు పడతాయి, పదికి రెండు వస్తాయి.

ఆ ఎర్ర గీతలు కొట్టే చేయి ఒక్క నిమిషం ఆగితే కనిపించేది ఇది. మొదటి మూడు వాక్యాల్లో క్రియల దగ్గర ఉన్నవి మూడు తప్పులు కావు, ఒకటే. అలవాటుగా జరిగేదానికీ ఇప్పుడు జరుగుతున్నదానికీ ఇంగ్లిష్ వేరువేరు రూపాలు వాడుతుందని ఆ పిల్లకు ఎవరూ చూపించలేదు. అమ్మ పండక్కి వస్తుంది, అవ్వ వండిపెడుతుంది అని తలలో మెదిలిన మాటను తనకు తెలిసిన ఒక్క రూపంలో పెట్టింది. నాలుగో వాక్యంలో 'అమ్మతో చెప్పాను' అనే తెలుగు పొందిక 'టోల్డ్ టు' అయ్యింది. అమ్మతో నేరుగా అన్న మాటను తెలుగు ఎట్లా అలాగే నిలబెడుతుందో అట్లాగే నిలబెట్టింది. అంటే ఆ పిల్లకు బుద్ధి లేక కాదు, ఒక పద్ధతి ప్రకారమే రాసింది. ఆ పద్ధతి తెలిసినవాడు రెండు క్లాసుల్లో మూడు సంగతులు చెబితే సరిపోతుంది. చెప్పాను. మూడోసారి తిరగరాసేటప్పటికి ఆ కాగితం రెండు పేజీలైంది, ఉగాదికి అమ్మ దిగే బస్సు దగ్గర మొదలైంది. సెమిస్టర్ చివరి పరీక్షలో మాత్రం ఆ పిల్ల మళ్ళీ నదే రాసింది. ఎందుకు రాశావని నేను అడగలేదు.

ఇది ఎక్కడా సాధ్యం కాని పని అని నాకు చెప్పేవాళ్ళకు న్యూయార్క్ సంగతి చెబుతాను. 1970లో అక్కడి సిటీ యూనివర్సిటీ హైస్కూలు పాసైన ప్రతి న్యూయార్క్ పిల్లకూ తలుపులు తెరిచింది. నల్లజాతి పిల్లలు, పోర్టోరీకో కుటుంబాల పిల్లలు, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడని వలస ఇళ్ళ పిల్లలు వేల సంఖ్యలో వచ్చారు. వాళ్ళ రాతలు చూసి చాలామంది ప్రొఫెసర్లు వీళ్ళకు కాలేజీ చదువు అబ్బదని తేల్చేశారు. సిటీ కాలేజీలో ఆ పిల్లలకు రాయడం నేర్పే పని తలకెత్తుకున్న మినా షానెసీ మాత్రం తేల్చేయలేదు. ఎవరిని ఏ క్లాసులో వేయాలో తేల్చడానికి వాళ్ళ చేత రాయించిన సుమారు నాలుగు వేల వ్యాసాలు ముందేసుకుని కూర్చుంది. ఒక్కొక్క తప్పునూ ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఈ పిల్ల ఏ లెక్కతో ఇట్లా రాసింది అని అడుగుతూ చదివింది. 1977లో 'ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్' అనే పుస్తకం వేసింది. ఆ మరుసటి ఏడాదే చనిపోయింది. ఇంగ్లిష్ సొంతభాషగా లేని పిల్లలకు కాలేజీలో రాయడం నేర్పేవాళ్ళు ఈనాటికీ ఆ పుస్తకం దగ్గరికి వెళ్తారు. ఆమె చూపించిన ముఖ్యమైన సంగతి, ఆ పిల్లల తప్పుల వెనక ఆలోచన ఉంది, చదివేవాడు ఉంటే ఆ ఆలోచన దారి మార్చుకుంటుంది అని. అక్కడా ఆ తలుపులు అట్లాగే తెరిచి ఉంచలేదులెండి. 1976లో డబ్బు కటకట వచ్చి ఫీజులు పెట్టారు, 1990ల చివర నాలుగేళ్ళ డిగ్రీ కాలేజీల్లోంచి రాయడం నేర్పే ఆ ప్రాథమిక కోర్సులే తీసేయాలని యూనివర్సిటీ బోర్డు నిర్ణయించింది. పేదపిల్లల రాతకు మొదట కోత పెట్టడం ఒక్క మన దగ్గరే జరిగేది కాదు. అయినా కనీసం కొన్నేళ్ళు అక్కడ చదివారు. నాలుగు వేల వ్యాసాలు చదివిన మనిషి ఒకరున్నారు. మన దగ్గర నాలుగు వందలు చదివిన కమిటీ ఒక్కటి చూపించండి.

అంత దూరం వెళ్ళక్కర్లేదు కూడా. కాలేజీ పిల్లవాడు కాంపోజిషన్ వాడుక తెలుగులో రాయాలా, గ్రాంథికంలో రాయాలా అన్న విషయం మీద తెలుగునేల నూరేళ్ళ కింద పెద్ద పోరాటమే చేసింది. ఇంటర్మీడియట్ తెలుగు కాంపోజిషన్ గురించి మద్రాసు యూనివర్సిటీ వేసిన కమిటీలో గురజాడ అప్పారావు ఉన్నాడు. మిగతావాళ్ళతో ఒప్పుకోలేక 1914లో తన అసమ్మతి పత్రం పేజీలకు పేజీలు రాశాడు. అప్పటికి ఆయన ఆరోగ్యం అంతంత మాత్రం, ఆ తర్వాతి ఏడాదే పోయాడు. గిడుగు రామమూర్తి ఆ పోరాటానికే జీవితం ధారపోశాడు. వాళ్ళ పట్టుదల అంతా పిల్లవాడు తనకు తెలిసిన మాటలతో తనకు తెలిసింది రాయగలగాలనే. చచ్చిన మాటలు కంఠతా పట్టి కాగితం నింపడం చదువు కాదని వాళ్ళు ఎలుగెత్తి చెప్పారు. ఏటా ఆగస్టు 29న గిడుగు పటానికి దండలు వేస్తున్న కాలేజీలోనే, మరుసటి రోజు క్లాసులో పిల్లలు గైడులోని నదిని కంఠతా పడుతున్నారు. భాష మారింది, ఆ పెద్దలు అసహ్యించుకున్న పద్ధతి అట్లాగే ఉంది.

మీడియం గొడవ మాత్రం ఊరూరా నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్‌లో 81, 85 జీవోలు వచ్చాయి, బడుల్లో ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి అన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడులన్నింటా ఇంగ్లిష్ మీడియం తేవడం మొదలుపెట్టారు. ఈ ఏళ్ళన్నింట్లో టీవీల్లో, సభల్లో, పత్రికల్లో ఎంత కేకలాట! తెలుగు చచ్చిపోతోందని ఒకవైపు, పేదపిల్లకు ఇంగ్లిష్ దక్కనివ్వరా అని ఇంకోవైపు. రెండు వైపుల వాదనల్లోనూ నేను ఒప్పుకునే మాటలున్నాయి. అమ్మభాషలో ఆలోచన బలపడాలన్నది నిజం. దళిత కుటుంబాల నుంచి, కూలి కుటుంబాల నుంచి వచ్చిన తల్లిదండ్రులు మా పిల్లకు ఇంగ్లిష్ కావాలని అడగడం వాళ్ళ హక్కు, దాన్ని కాదనే అర్హత ఇంగ్లిష్‌లో చదువుకుని పైకొచ్చిన ఎవరికీ లేదు. కానీ ఈ రెండు గుంపుల్లో ఒక్కరైనా వచ్చి మా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నారా? ఇంగ్లిష్ కావాలన్నవాళ్ళు బోర్డు మార్చి వెళ్ళిపోయారు. తెలుగు కావాలన్నవాళ్ళు ఆ బోర్డును తిట్టి వెళ్ళిపోయారు. ఇద్దరూ వెళ్ళిపోయాక ఆ గదిలో మిగిలిన పిల్లకు అటు తెలుగులోనూ ఒక సొంత పేరా రాయడం రాదు, ఇటు ఇంగ్లిష్‌లోనూ రాదు. ఆ పిల్ల ఎవరి లెక్కలోకీ రాలేదు.

మనకు నేర్పగలిగే విద్య లేక ఇట్లా అయిందా అంటే అదీ కాదు. ఈ దేశమంతటికీ ఇంగ్లిష్ టీచర్లను తయారు చేయడానికి 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టింది హైదరాబాదులోనే. అదే తర్వాత సీఫెల్, 2007 నుంచి ఇఫ్లూ. రెండో భాషగా ఇంగ్లిష్ ఎట్లా నేర్పాలి, తప్పును ఎట్లా చదవాలి, రాతను ఎట్లా దిద్దాలి అన్న విషయాలు దశాబ్దాలుగా అక్కడ చదువుతున్నారు, చెబుతున్నారు. తెలిసినవాళ్ళు ఈ నేల మీదే ఉన్నారు. ఆ తెలివి మండల కేంద్రంలో ఉన్న డిగ్రీ కాలేజీ దాకా రావడానికి డబ్బూ మనుషులూ కావాలి, ఆ రెండూ ఇచ్చేవాళ్ళకు ఇది పట్టలేదు.

డబ్బున్న చోట మాత్రం చదివే మనిషి వెంటనే దొరుకుతాడు. అమీర్‌పేట వెళ్ళండి, విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల చూడండి. ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌లో చేరిన పిల్ల రైటింగ్ కోసం ఒకటి నూట యాభై మాటలు, ఒకటి రెండు వందల యాభై మాటలు, గంటలో రాయడం సాధన చేస్తుంది. ఫీజు కట్టింది కాబట్టి ఆమె రాసిన ప్రతి కాగితాన్నీ ఒకరు చదువుతారు, పేరాలు ఎందుకు విడగొట్టాలో చెబుతారు, మళ్ళీ రాయిస్తారు. అంటే ఈ పని ఎట్లా చేయాలో మన ఊళ్ళకు తెలుసు. విమానం ఎక్కే పిల్లకు చేస్తారు, ఆర్టీసీ పల్లెవెలుగు ఎక్కి కాలేజీకి వచ్చే పిల్లకు చేయరు. అంతే తేడా. ఆ విమానం ఎక్కినవాళ్ళలోనూ కొందరు, ఇక్కడ కాపీ చేయడమే రాయడం అనుకుని పెరిగినందువల్ల, అమెరికా యూనివర్సిటీల్లో మొదటి సెమిస్టర్‌లోనే నెట్‌లోంచి ఎత్తి రాశారన్న నేరం కింద నిలబడుతున్నారు. ఎక్కణ్ణుంచి తీసుకున్నావో చెప్పాలి, నీ మాట నువ్వు రాయాలి అని వాళ్ళకు ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా ఒక్కరూ చెప్పలేదు. ఆ నేరంలో మాకు వాటా లేదా?

ఇక్కడే ఉండిపోయిన పిల్లల సంగతి చూడండి. గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్ గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా పనికిరావు. బ్యాంకుకు ఒక అర్జీ, కంపెనీకి ఒక మెయిల్, ఆసుపత్రిలో జరిగిన అన్యాయం మీద ఒక ఫిర్యాదు, వీటిలో ఏది రాయాలన్నా డిగ్రీ పట్టా చేతిలో ఉన్న పిల్ల ఇంకొకరి గుమ్మం ముందు నిలబడుతోంది. 'నోటీసులు, అజెండాలు, మినిట్స్' చదివి పాసైన పిల్ల!

ఖర్చు పెట్టలేదని కూడా అనను. లాంగ్వేజ్ ల్యాబులు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి, హెడ్‌ఫోన్లు వచ్చాయి. కమ్యూనికేషన్ స్కిల్స్ పేరుతో శిక్షణలు వచ్చాయి, కరచాలనం ఎట్లా చేయాలో, ఇంటర్వ్యూలో ఎట్లా కూర్చోవాలో చెప్పి వెళ్ళారు. కొనగలిగినవన్నీ కొన్నారు. తనిఖీ బృందం వస్తుందనగానే వెనకబడిన పిల్లలకు ప్రత్యేక క్లాసులు జరిగినట్టు రిజిస్టర్లు పుట్టుకొస్తాయి, అక్షాంశాలూ రేఖాంశాలూ పడేటట్టు జియో ట్యాగ్ ఫొటోలు తీస్తారు. ఆ ఫొటోల్లో నా విద్యార్థులు నవ్వుతూ కూర్చుని ఉంటారు. ఆ ఫొటో దేనికో వాళ్ళకు తెలియదు. ఆ ఫైల్ చూసి మంచి గ్రేడు ఇచ్చి వెళ్ళినవాళ్ళు, ఏదీ ఒక్క పిల్ల రాసిన కాగితం చూపించండి అని అడిగి ఉంటే చాలు, మొత్తం బయటపడేది. అడగరు. కాగితం చదవడం ఎవరి పనీ కాదు కదా.

ఇప్పుడు గైడు కూడా పాతబడిపోయింది. ఫోన్‌లో చాట్‌జీపీటీని అడిగితే అర నిమిషంలో తప్పుల్లేని వ్యాసం వస్తోంది, పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు. దీని మీద సెమినార్లు పెట్టి పిల్లల నిజాయితీ గురించి ఉపన్యాసాలు ఇస్తున్నారు. ఏ నిజాయితీ? సొంతంగా రాసినదాన్ని ఎన్నడూ చదవని మనం, సొంతంగా రాయలేదని పిల్లల మీద పడే హక్కు ఎక్కడ సంపాదించుకున్నాం? నా మాట వినే మనిషి ఒకరున్నారు అని నమ్మకం కలిగితే పిల్ల తన మాటే రాస్తుంది. ఎవరూ చదవరని తెలిశాక ఎవరి మాటైతే ఏమిటి?

"ఈ పిల్లలకు రాదండీ, వాళ్ళ స్థాయి అంతే" అనే మాట స్టాఫ్ రూముల్లో, మీటింగుల్లో వింటూనే ఉన్నాను. చెనక్కాయ కట్టె ఎప్పుడు పీకాలో, అప్పు ఎవరిది ముందు తీర్చాలో, సంతలో ఏ ధరకు తెగాలో పదేళ్ళ వయసు నుంచి తేల్చుకుంటూ వచ్చిన పిల్లలు వీళ్ళు. తల్లి ఇంట్లో లేని ఇంటిని నడుపుతూ కాలేజీకి వస్తున్నారు. వీళ్ళకు బుద్ధి లేదనే మాట ఇంకొకసారి నా ముందు ఎవరైనా అంటే మర్యాదగా ఊరుకోను. స్థాయి లేనిది వీళ్ళకు కాదు. ఒక పేజీ చదివే ఓపిక లేని మన ఏర్పాటుకు.

ఏం కావాలో ఎన్నోసార్లు అడిగాం, ఇంకోసారి అడుగుతున్నాను. మొదటి రెండు సెమిస్టర్లూ రాయడానికే ఒక కోర్సు ఇవ్వండి, పాఠాల సారాంశాలు అందులో వద్దు. క్లాసుకు ముప్పై మందికి మించనివ్వకండి. దిద్దే గంటలను పనిగంటల్లో కలపండి, గెస్ట్ లెక్చరర్‌కు ఆ గంటలకూ డబ్బు ఇవ్వండి. మార్కుల్లో సగమైనా ఏడాది పొడుగునా పిల్ల రాసి, తిరగరాసిన కాగితాల కట్టకు ఇవ్వండి. మొదట తెలుగులో ఆలోచించి, తెలుగులో ముక్కలు రాసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లోకి వచ్చే వీలు పిల్లకు ఇవ్వండి, దాన్ని నేరంగా చూడకండి. ఇందులో ఒక్కటి కూడా కొత్త భవనం కట్టమని అడిగేది కాదు.

ఇవే మాటలు లేఖగా రాసి, మా డిపార్ట్‌మెంట్‌లో అందరం సంతకాలు పెట్టి పైకి పంపాం. ఉన్న సిబ్బందితోనే సర్దుకోవాలని జవాబు వచ్చింది. ఈ ఏడాది లెక్చరర్లు చాలలేదని రెండు సెక్షన్లు కలిపేశారు, ఇప్పుడు ఒకే గదిలో నూటికి పైగా పిల్లలు కూర్చుంటున్నారు. వాళ్ళు రాసింది ఎవరు చదవాలో, ఏ వేళప్పుడు చదవాలో ఆ జవాబు మీద సంతకం పెట్టినవాళ్ళే చెప్పాలి.